పోయిందేముంది మాస్టారూ?

1972 డిసెంబరులో అమెరికాలోని లూయీవిల్ నగర పోలీసులు ఐదు పేజీల కరపత్రం ఒకటి తయారుచేసి, ఊళ్లోని దాదాపు 800 మంది వ్యాపారులకు పంచారు. క్రిస్మస్ బేరాల రోజులు కదా, షాపుల్లో చేతివాటం చూపించేవాళ్లు వీళ్లు, ఓ కన్నేసి ఉంచండి అని దాని సారాంశం. లోపల వరసగా ఫొటోలు, పేర్లు. రెండో పేజీలో డేవిస్ అనే పత్రికా ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. అంతకు ఏడాదిన్నర కిందట ఒక షాపులో దొంగతనం చేశాడని అతన్ని అరెస్టు చేశారు. తను చెయ్యలేదన్నాడు. విచారణ జరగలేదు, కేసును అలా పక్కన పడేశారు. కరపత్రం బయటికొచ్చిన కొన్నాళ్లకే కోర్టు దాన్ని పూర్తిగా కొట్టేసింది.

ఈలోగా కరపత్రం పత్రికాఫీసుకు చేరనే చేరింది. పై అధికారి పిలిపించాడు. ఉద్యోగం తియ్యడం లేదు గానీ, మళ్లీ ఇలాంటి వాటిలో కనబడకుండా చూసుకో అన్నాడు.

డేవిస్ పోలీసుల మీద కోర్టుకెక్కాడు. దొంగ అని ముద్రవేసే ముందు నన్నొక మాట అడగాలి కదా అన్నది అతని వాదన. 1976లో సుప్రీంకోర్టు అడగక్కర్లేదంది. ఎనిమిది మంది జడ్జీల్లో అయిదుగురు అటు, ముగ్గురు ఇటు. మెజారిటీ తరఫున రెన్‌క్విస్ట్ రాసిన తీర్పు సారం: విచారణ లేకుండా లాక్కోకూడదని రాజ్యాంగం చెప్పింది ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి గురించి. ఒట్టి పరువు స్వేచ్ఛా కాదు, ఆస్తీ కాదు. పరువుతో పాటు చట్టం ఇచ్చిన హక్కు ఇంకేదైనా పోతే అప్పుడు రండి. అక్కడి లాయర్లు దీన్ని 'స్టిగ్మా ప్లస్' అంటారు. మచ్చ ఒక్కటే చాలదు, దాని పక్కన ఒక ప్లస్ ఉండాలి.

పోయిన నెల ఈ తీర్పు చదువుతుంటే ఇది ఎక్కడో విన్నానే అనిపించింది. రెండు రోజులకు గుర్తొచ్చింది. మా ఊరి పంచాయతీ ఆఫీసులో, ఒక గుమాస్తా నోట.

గోడ మీద పేరు

1990ల మొదట్లో సంగతి, నేను తొమ్మిదో తరగతి. ఇంటి పన్ను ఎగ్గొట్టినవాళ్ల జాబితా అని పంచాయతీ ఆఫీసు గోడకు మూడు ఠావులు అంటించారు. అందులో మా నాన్న పేరుంది. నాన్న బడిపంతులు. పన్ను కట్టిన రసీదు ఇంట్లోనే ఉంది. మా ఇంటిపేరుతోనే, అదే మొదటి అక్షరంతో ఊళ్లో ఇంకొకాయన ఉండేవాడు. జాబితా రాసినవాళ్లు ఇంటి నంబరు చూసుకోలేదు, అంతే.

రసీదు పట్టుకుని నాన్న వెళ్తే వెనకాల నేనూ వెళ్లాను. గుమాస్తా రసీదు చూశాడు, పొరపాటేనని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు: "అయినా పోయిందేముంది మాస్టారూ? మిమ్మల్ని మళ్లీ కట్టమని ఎవరూ రాలేదుగా."

రెన్‌క్విస్ట్ ఇరవై పేజీల్లో చెప్పిన మాట ఇదే. నీళ్ల కుళాయి కట్ చేశామా, జప్తుకు వచ్చామా, నీదేం తీసుకున్నామని?

పేరు కొట్టేస్తామన్నారు, కొట్టెయ్యలేదు. నెలన్నర తర్వాత వానకు తడిసి ఆ కాగితాలు అవే ఊడిపోయాయి. ఆ నెలన్నరా నాన్న రసీదును చొక్కా జేబులో పెట్టుకు తిరిగారు. టీ కొట్టు దగ్గర, బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఎవరూ అడక్కుండానే తీసి చూపించేవారు. జాబితా చూడనివాళ్లకు కూడా అందులో నాన్న పేరు ఉందన్న సంగతి ఆ రసీదు వల్లే తెలిసింది. అమ్మ చెప్పి చూసింది, వినలేదు.

మా నాన్న గోలని అమెరికా సుప్రీంకోర్టు దాకా లాగడం అతి అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. పన్ను బాకీ వేరు, దొంగ ముద్ర వేరు. కానీ రెండుచోట్లా లెక్క వేసే పద్ధతి మాత్రం ఒకటే.

ఆ 'ప్లస్' ఎవరి చేతిలో ఉంది?

రెన్‌క్విస్ట్‌కి అడ్డం వచ్చిన పాత తీర్పు ఒకటుంది. 1971 నాటిది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక ఊరి పోలీసు అధికారి ఒకావిడ పేరు రాసి, ఈమెకు ఏడాదిపాటు మద్యం అమ్మొద్దని ఊళ్లోని మద్యం షాపులన్నిటిలో నోటీసులు అంటించాడు. ఆమెను అడగలేదు, చెప్పలేదు. ఇది చెల్లదని సుప్రీంకోర్టు అంది. ఒక మనిషి పేరును, మర్యాదను ప్రభుత్వం పణంగా పెడుతున్నప్పుడు ముందు నోటీసు ఇవ్వాలి, చెప్పేది వినాలి అంది. మరి డేవిస్‌కి ఎందుకు వర్తించదు? ఆమెకు మద్యం కొనుక్కునే హక్కు పోయింది, అది ప్లస్. డేవిస్‌కి అలాంటిదేదీ పోలేదు. అంటే పోలీసులు ఆ కరపత్రం చివర 'వీళ్లను షాపుల్లోకి రానివ్వకండి' అని ఆజ్ఞాపించి ఉంటే డేవిస్ గెలిచే అవకాశం ఉండేది. 'జాగ్రత్తగా ఉండండి' అని మర్యాదగా రాశారు కాబట్టి ఓడిపోయాడు.

నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. ప్లస్ ఎప్పుడూ వస్తుంది. కాకపోతే అది ప్రభుత్వం చేత్తో రాదు. షాపువాడు వెనకాల నడుస్తాడు, ఇల్లుగలాయన అద్దెకివ్వనంటాడు, పై అధికారి గదిలోకి పిలుస్తాడు. ముద్ర వేసినవాడు మాత్రం 'నేనేం చేశాను, రెండు ముక్కలు రాశానంతే' అంటాడు. ఆ రెండు ముక్కలు రాసిందే వాళ్లచేత అవన్నీ చేయించడానికి. వేరే ప్రయోజనం లేని కాగితం అది. చెయ్యాలనుకున్న పనిని పదిమంది చేత చేయించి, నా చేతికి మట్టి అంటలేదంటే సరిపోయిందా?

ఇంకో తేడా ఉంది. పక్కింటాయన నన్ను దొంగ అంటే వినేవాడు కనీసం ఒకసారి ఆలోచిస్తాడు, వీళ్లిద్దరికీ గోడ తగాదా ఉంది కదా అని. ప్రభుత్వం అంటే ఆ ఆలోచన రాదు. వాళ్లు విచారించే చెప్పి ఉంటారులే అనుకుంటాడు. అంటే ప్రభుత్వం మాటకున్న విలువంతా 'వీళ్లు కనుక్కునే చెబుతారు' అన్న నమ్మకం మీదే నడుస్తోంది. కనుక్కోకుండా చెప్పే హక్కు తనకుందని అదే ప్రభుత్వం కోర్టులో వాదిస్తుంది!

పరువునష్టం దావా వేసుకోవచ్చు కదా అని తీర్పులో ఒక సమాధానం ఉంది. వేసుకోవచ్చు. కానీ ఆ కరపత్రంలోని కిటుకు చూడండి. శీర్షికలో వీళ్లు దొంగలు. లోపల చిన్నక్షరాల్లో, 1971, 72ల్లో అరెస్టయినవాళ్లు, లేదా ఈ దందాల్లో తిరిగేవాళ్లు. అరెస్టయిన మాట నిజమే. శీర్షికకీ ఈ వాక్యానికీ మధ్య ఉన్న సందులోనే మనిషి నలిగిపోయాడు. దావా వేస్తే ప్రభుత్వ లాయరు లోపలి వాక్యం చదువుతాడు. జనం మాత్రం శీర్షిక చదివి వదిలేస్తారు.

శ్లోకం ఎవరికి?

మన దగ్గర ఇంత అన్యాయం లేదు, పరువు రాజ్యాంగంలోని ఆర్టికల్ 21లో, అంటే ప్రాణం, స్వేచ్ఛల హక్కులో భాగమని మన సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసిందని ఒక లాయరు మిత్రుడు అన్నాడు. నిజమే. 1989లో కిరణ్ బేడీ కేసులో కోర్టు భగవద్గీత శ్లోకమే ఎత్తింది. 'సంభావితస్య చాకీర్తిర్మరణాదతిరిచ్యతే'. గౌరవంగా బతికినవాడికి అపకీర్తి చావుకన్నా ఎక్కువ. విచారణ కమిషన్లు ఎవరి పేరైనా చెడగొట్టేలా ఉంటే వాళ్లకు ముందే నోటీసివ్వాలి, చెప్పుకునే అవకాశమివ్వాలి అని విచారణ కమిషన్ల చట్టంలో 8బి సెక్షను ఉంది. భాగల్పూర్ అల్లర్ల మీద వేసిన కమిషన్ అలా నోటీసు ఇవ్వకుండా అద్వానీ మీద వ్యాఖ్యలు చేస్తే, 2003లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలబడింది.

బాగుంది. నాకు శ్లోకంతో పేచీ లేదు, అందులోని 'సంభావితస్య' దగ్గరే కొంచెం తడబడతాను. ఐపీఎస్ అధికారిణి, కేంద్ర మంత్రి, వీళ్ల పేర్లకు 8బి ఉంది. తెలుగు పత్రికల్లో రోజూ కనబడే ఆ ముసుగు మనుషులకు ఏముంది? డీఎస్పీ గారు కుర్చీలో, ముందు బల్ల మీద స్వాధీనం చేసుకున్న సెల్‌ఫోన్లు, వెనక వరసగా నల్ల ముసుగులు వేసుకుని నిలబడ్డ నిందితులు. ముఖానికి ముసుగుంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు ప్రెస్‌నోటులో ఉంటాయి. ఆ ముసుగు ఎవరి సౌకర్యానికో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పోలీసులు మీడియాకు ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అన్నదానికి ఒక మాన్యువల్ తయారుచెయ్యమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకు చెప్పింది కూడా.

ఇంకొక చేదు సంగతి. పరువు ఆర్టికల్ 21లో భాగమన్న మాటను సుప్రీంకోర్టు అన్నిటికన్నా గట్టిగా వాడుకున్నది 2016లో, క్రిమినల్ పరువునష్టం సెక్షన్లను నిలబెట్టడానికి. అంటే పౌరుడు నోరు జారితే జైలుకు పంపడానికి ఆ సూత్రం చక్కగా పనికొచ్చింది. ప్రభుత్వమే నోరు జారినప్పుడు అంత చురుగ్గా పనిచేసిన సందర్భాలు అరుదు.

ఉన్నవాటిలో చెప్పుకోదగ్గది 2020 మార్చి నాటి లక్నో బ్యానర్ల కేసు. పౌరసత్వ చట్టం మీద నిరసనల్లో ఆస్తులు ధ్వంసం చేశారంటూ కొందరి ఫొటోలు, పేర్లు, ఇంటి అడ్రసులతో సహా కూడళ్లలో పెద్ద పెద్ద బ్యానర్లు కట్టారు. అలహాబాద్ హైకోర్టు తనంత తానుగా, ఆదివారం పూట కూర్చుని విని, మర్నాడు తీసెయ్యమంది. ఇలా బ్యానర్లు కట్టడానికి ఏ చట్టం ఒప్పుకుంటుందో చూపించండి అంటే ప్రభుత్వం దగ్గర జవాబు లేదు.

చిన్నప్పరెడ్డి గారి మాట

ఇక్కడిదాకా రాసి ఒకరోజు ఆపేశాను. కారణం, నా వాదనకు ఎదురు నిలిచే తీర్పును రాసినాయన నాకు చాలా గౌరవం ఉన్న తెలుగు జడ్జి. అనుమానం ఉన్నవాళ్ల మీద నిఘా కోసం పోలీసులు రాసుకునే రిజిస్టరు, హిస్టరీ షీట్ల మీద 1980 డిసెంబరులో వచ్చిన మలక్ సింగ్ కేసు. ఆ రిజిస్టర్లో పేరెక్కించే ముందు ఆ మనిషిని పిలిచి అడగాలా? అక్కర్లేదన్నారు జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి. నీ మీద నిఘా పెడుతున్నాం, ఏమంటావు అని అడిగాక ఇంకా నిఘా ఏముంటుంది? మామూలుగా పేదవాడి పక్షాన, పోలీసుల దౌర్జన్యానికి ఎదురుగా నిలబడే ఆయన ఈ మాట అన్నారంటే కొట్టిపారెయ్యలేం.

కానీ మళ్లీ చదివితే తెలిసింది, ఆ తీర్పు మొత్తం ఒక మేకుకు వేలాడుతోంది. ఆ రిజిస్టర్ రహస్యం. స్టేషను బయటికి రాకూడనిది. నిఘా కూడా పదిమందికి కనబడకుండా, ఆ మనిషి మర్యాదకు భంగం లేకుండా జరగాలని ఆయనే రాశారు. ఇప్పుడు మనకేమైంది? 'రౌడీషీటర్' తెలుగులో మామూలు నామవాచకం అయిపోయింది. 'రౌడీషీటర్ హత్య', 'రౌడీషీటర్ల మధ్య ఘర్షణ' అని హెడ్డింగులు. ఆదివారం పొద్దున స్టేషను ముందు వరసగా నిలబెట్టి కౌన్సెలింగ్, దానికి ఫొటోలు, వీడియోలు. రహస్యం కాబట్టి అడగనక్కర్లేదన్న మినహాయింపు తీసుకున్నాం, రహస్యాన్ని మాత్రం గాలికొదిలేశాం. హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత కాగితమే గానీ జనానికి చూపించేది కాదని, అందులో మైనరు పిల్లల వివరాలు ఎక్కించొద్దని 2024 మేలో సుప్రీంకోర్టు మళ్లీ గుర్తు చెయ్యాల్సి వచ్చింది. షీటు తెరిచి పదిహేనేళ్లయి, ఆ తర్వాత ఒక్క కేసూ లేని మనిషి కూతురి సంబంధం దగ్గర ఆ మాట ఎలా పనిచేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అదీ ప్లస్సే. ఏ జీవోలోనూ రాసి ఉండదు.

మనిషి కాదు, ఊరికి ఊరే ఇలా ముద్రపడిన సంగతి మన దగ్గరే ఉంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఒక కులాన్ని నేరస్థ జాతిగా నోటిఫై చేస్తే, ఆ నోటిఫికేషన్‌ను ఏ కోర్టూ ప్రశ్నించడానికి వీల్లేదని అందులోనే రాసుకుంది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది, ఎరుకలవాళ్లను తీసుకొచ్చి స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు. చట్టాన్ని 1952 ఆగస్టు 31న రద్దు చేశారు. 'స్టువర్టుపురం' అనగానే మన నోట వచ్చే రెండోమాట రద్దయిందా? ఆ ఊళ్లో పుట్టి డిగ్రీ చదివి ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకునేవాడు అడ్రసు దగ్గర ఆగి ఆలోచిస్తాడంటే, నోటిఫికేషన్ ఇంకా అమల్లో ఉన్నట్టే లెక్క.

అడిగితే సరిపోతుందా

ప్రతి మాటకూ ముందు నోటీసు ఇవ్వాలంటే ప్రభుత్వం నోరే విప్పలేదు కదా అన్న ప్రశ్నకు విలువుంది. జైలు నుంచి ఖైదీ పారిపోయాడు, ఫలానా మందు సీసాలో విషం ఉంది, ఇలాంటివి చెప్పడానికి ఇరవై రోజులు ఆగమని ఎవరూ అనరు. నేనూ అనను. నా గొడవ జాబితాల గురించి. జాబితా అన్నది అప్పటికప్పుడు పుట్టదు. ఒకరు పేర్లు సేకరిస్తారు, ఒకరు టైపు కొడతారు, ఒకరు సంతకం పెడతారు. ఇవన్నీ చెయ్యడానికి తీరిక ఉన్నవాళ్లకు అడగడానికి మాత్రం తీరిక ఉండదా?

ఇది కుదిరే పనేనని బ్యాంకుల విషయంలో తేలింది. 2016 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ఒక ఖాతాను 'ఫ్రాడ్' అని ప్రకటించే ముందు ఆ కంపెనీవాళ్లను అడగాలని ఎక్కడా లేదు. 2020 డిసెంబరులో మన తెలంగాణ హైకోర్టు, అడిగి తీరాలంది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ముందే చెబితే మోసగాళ్లు జాగ్రత్తపడతారు, ఆలస్యమవుతుంది, ఇవే వాదనలు. 2023 మార్చి 27న సుప్రీంకోర్టు చాలా శుభ్రంగా గీత గీసింది. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, ఇప్పుడే ఇచ్చుకోండి. ముద్ర వేసే ముందు మాత్రం నోటీసివ్వాలి, జవాబు వినాలి, కారణాలు రాసి ఆర్డరివ్వాలి. 2024 జులైలో రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాల్లో, జవాబుకు కనీసం 21 రోజుల గడువివ్వాలని చేర్చింది. బ్యాంకులేమీ మునిగిపోలేదు.

అయితే ఇక్కడ కూడా ప్లస్ ఉంది, గమనించారా? ఫ్రాడ్ ముద్రపడితే ఏళ్ల తరబడి ఎక్కడా అప్పు పుట్టదు. కాంట్రాక్టర్ల బ్లాక్‌లిస్టింగ్ మీద 1974లో వచ్చిన తీర్పులోనూ అంతే, టెండర్లు పోతాయి కాబట్టి ముందు అడగాలన్నారు. శ్లోకాలు ఎన్ని చదివినా, మన కోర్టులు కూడా ఎక్కువగా కదిలింది డబ్బు పోయినచోటే. కాంట్రాక్టు పోయినవాడికి షోకాజ్ నోటీసు ఉంది, పేరు ఒక్కటే పోయినవాడికి లేదు. మా లాయరు మిత్రుడు ఈ మాట ఒప్పుకోలేదు. ఇంకా వాదించుకుంటున్నాం.

నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే సందేహం వేరే ఉంది. అడగడం కూడా ఒక తంతు అయిపోతే? ప్రభుత్వోద్యోగం చేసిన ప్రతివాళ్లకూ ఆ వాక్యం కంఠతా వచ్చు: 'మీ వివరణ సంతృప్తికరంగా లేనందున'. కొన్నిచోట్ల నోటీసు, దానికి రాబోయే జవాబు, ఆ జవాబు మీద ఆర్డరు ఒకే రోజు టైపవుతాయి. ముద్ర వెయ్యాలని నిర్ణయించుకున్న అధికారే వివరణ చదువుతాడు. ఇలాంటి విచారణ లేకపోవడమే నయం, కనీసం 'అడిగాం కదా' అనే వీలుండదు అని ఒకోసారి అనిపిస్తుంది.

కానీ మా నాన్న విషయమే తీసుకుంటే, అక్కడ పెద్ద విచారణ ఏదీ అక్కర్లేదు. దురుద్దేశం లేదు, కక్ష లేదు. ఇంటి నంబరు తప్పు. నా అనుభవంలో ఇలాంటి జాబితాల్లో సగం గోల ఇదే: పేరు కలిసింది, తండ్రి పేరు చూడలేదు, కొట్టేసిన కేసు ఇంకా నడుస్తున్నట్టు రాశారు. డేవిస్ కేసు కూడా ఏడాదికి పైగా మూలపడి ఉందన్న సంగతి, ఒక్క మాట అడిగి ఉంటే ఆ కరపత్రం తయారుచేసిన పోలీసులకు తెలిసేది. చెడ్డ అధికారిని షోకాజ్ నోటీసు మార్చలేదు. తొందరపడే అధికారిని మాత్రం ఆపుతుంది, తొందరపడేవాళ్లే ఎక్కువ మంది.

ఆ రోజు పంచాయతీ ఆఫీసులో గుమాస్తా మాటకు నాన్న జవాబు చెప్పారు. చాలాసేపు రసీదు మడతపెడుతూ నిలబడి, చివరికి అడిగారు: "అంటించే ముందు నాకో కార్డు ముక్క రాస్తే నీకు పోయేదేముందయ్యా?" అప్పట్లో పోస్టు కార్డు 15 పైసలు.

గుమాస్తాకు కోపం రాలేదు. నిజంగానే లెక్క వేసుకున్నట్టు గోడ మీది మూడు ఠావుల వైపు చూశాడు.

"నూట పది మందికి ఎవడు రాస్తాడు మాస్టారూ" అన్నాడు.